దానం రైతును చెడగొట్టలేదు

రైతుకు దానం చేస్తే చెడిపోతాడన్న మాట మన చదువుకున్నవాళ్ల నోట స్థిరపడిపోయింది. ఊరికే వచ్చినదానికి విలువుండదంటారు. చేయి చాపడం అలవాటైతే నాగలి పట్టే చేయి మొద్దుబారుతుందంటారు. వానల తీరు మారిపోతున్న ఈ రోజుల్లో చిన్నరైతు నిలబడాలంటే ప్రభుత్వం ఖర్చు పెట్టాలి, మార్కెట్ ధర పలకాలి, అంతేగానీ ఎవరో పుణ్యాత్ములు పంపే చందాలతో ఒరిగేదేమీ లేదంటారు. వామపక్ష మిత్రులూ ఈ మాట అంటున్నారు, పరిశ్రమల పెద్దలూ అంటున్నారు. ప్రభుత్వం తన బాధ్యత నుంచి జారుకోవడానికి దానం దారి చూపిస్తుందని మొదటివాళ్ల అనుమానం. సోమరితనాన్ని పెంచుతుందని రెండోవాళ్ల నమ్మకం.

రెండూ తప్పేనని నా వాదన. తెలుగు నేల మీద గత నలభై ఏళ్లలో మెట్టరైతు మారిన వానను తట్టుకోవడం నేర్చుకున్న చోట్లు వెతికి చూడండి. చాలాచోట్ల మొదటి రూపాయి దాతది. ప్రభుత్వం వెనక వచ్చింది. బ్యాంకు ఇంకా వెనక వచ్చింది, కొన్నిచోట్ల ఇప్పటికీ రాలేదు.

ముందు రైతు తట్టుకోవాల్సింది దేన్నో చూద్దాం. అనంతపురంలో ఏడాది పొడుగునా కురిసేది సగటున 550 మిల్లీమీటర్లు. ఆ కాస్తా అదనుకు రాదు. జూన్, జూలైలలో పదును చూసుకుని వేరుశనగ విత్తుతారు. మొలక బాగుంటుంది, పూత బాగుంటుంది. ఊడలు దిగే వేళకు బెట్ట పట్టుకుంటుంది. ఇరవై రోజులు, ఒక్కోసారి నెల. ఎర్రనేల పైపొర గట్టిపడిపోయి ఊడ లోపలికి దిగలేక పైనే వాడిపోతుంది. దూరం నుంచి చూస్తే చేను పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే కాయ ఉండదు. ఆ తర్వాత ఏ సెప్టెంబరు చివర్లోనో ఒక్క రాత్రిలో కుండపోతగా కురుస్తుంది. లెక్కల పుస్తకంలో ఆ ఏడాది వర్షపాతం మామూలే. రైతుకు దక్కింది పశువుల మేత.

దీనికి మన దగ్గరున్న అధికారిక మందు ఏమిటి? పంట పోయాక ఇన్‌పుట్ సబ్సిడీ, కొన్నేళ్లు బీమా, మళ్లీ వానాకాలానికి రాయితీ విత్తనం. ఆ విత్తనమూ వేరుశనగే. పంట రుణమూ దానికే. అలా ఒక దశలో ఉమ్మడి జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్ల మేర ఆ ఒక్క పంటే పరుచుకుంది. కొర్ర, సజ్జ, జొన్న, అలసంద, అనప గట్ల మీదికి వెళ్లిపోయాయి, తర్వాత గట్లూ దిగిపోయాయి. నష్టం జరిగిన ప్రతిసారీ ఇచ్చిన సాయం రైతును మరుసటి ఏడాది అదే నష్టానికి సిద్ధం చేసింది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. ఆ డబ్బు స్వభావమే అంత. బ్యాంకు అప్పుకు గడువుంటుంది, పంటకాలం ముగిసేసరికి అసలూ వడ్డీ చేతికి రావాలి. ప్రభుత్వ పద్దుకు మార్చి 31 ఉంటుంది, ఆడిట్ ఉంటుంది, జిల్లాకంతటికీ ఒకే నమూనా ఉంటుంది. ఒక చేనులో ఇరవై రకాలు కలిపి విత్తి, మొదటి ఏడు దెబ్బతిని, రెండో ఏడు సరిదిద్దుకుని, మూడో ఏటికి నేలలో తేమ నిలిచేలా చేసుకోవడం ఈ రెండు డబ్బులకూ చేతకాదు. విఫలమయ్యే అనుమతి వాటికి లేదు.

2016 ఆగస్టులో ఎండిపోతున్న వేరుశనగను కాపాడాలని ప్రభుత్వం అనంతపురంలో రెయిన్ గన్‌లు దించింది. ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. యంత్రాలు, పైపులు, ట్యాంకర్లు రోజుల్లోనే ఊళ్లకు చేరాయి. కానీ ఏ చేనుకు ఏ కుంటలోంచి నీళ్లు తోడాలి, ఆ కుంట నిండాలంటే ఎన్నేళ్ల ముందు ఏ వంకకు అడ్డుకట్ట పడి ఉండాలి అన్నవి రోజుల్లో తేలే సంగతులు కావు. అదే జిల్లాలో 1969 నుంచి పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ వాటి మీద ఏళ్ల తరబడి కూర్చుంది. దాన్ని స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ వచ్చింది చేతిలో ఏ పథకమూ లేకుండా. స్పెయిన్‌లో మామూలు సంసారాలు నెలనెలా పంపిన చిన్న మొత్తాలతో బావులు తవ్వించారు, చెక్‌డ్యాములు కట్టించారు, డ్రిప్పు పైపులు వేయించారు. మనమెవరో తెలియని ఆ మనుషులు రాబోయే పంటకల్లా ఫలితం చూపించమని అడగలేదు. ఆ ఓపికే ఇక్కడ అసలు పెట్టుబడి.

ఇక పునుకుల. అప్పటి ఖమ్మం జిల్లాలో పాల్వంచ దగ్గరి పల్లె. పత్తి ఊరు. పత్తికి మందు కొట్టడం, పురుగు చావకపోవడం, ఇంకో మందు కొట్టడం, మందుల కొట్లో అప్పు పెరగడం. ఆ కొట్టు యజమానే విత్తనమూ ఇస్తాడు, అప్పూ ఇస్తాడు, చివరికి పత్తీ తనే కొంటాడు. వాన తప్పినప్పుడు మెట్టరైతు ప్రాణం మీదికి తెచ్చేది పోయిన పంటకన్నా దాని మీద పెట్టిన అప్పు. ఖర్చు తక్కువున్న పంట పోతే రైతు కూలికి వెళ్లి ఆ ఏడాది గట్టెక్కుతాడు. నలభై వేల మందు బాకీ ఉన్నవాడు గట్టెక్కలేడు. వాతావరణాన్ని తట్టుకోవడమంటే ఏవో కొత్త వంగడాలనుకునేవాళ్లు ఈ లెక్కను వదిలేస్తున్నారు. 1999 ప్రాంతంలో సెక్యూర్ అనే చిన్న స్వచ్ఛంద సంస్థ ఆ ఊళ్లోకి వెళ్లింది, సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అండతో. మొదట కొద్దిమంది రైతులే ఒప్పుకున్నారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం, గట్ల మీద ఆముదం, మధ్యలో బంతి, లింగాకర్షక బుట్టలు. మిగతా ఊరు నవ్వింది. 2003 నాటికి ఊరికి ఊరే పురుగుమందు మానేసింది.

వామపక్ష మిత్రులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. పునుకుల చూసి ప్రభుత్వం జారుకుందా? 2004–05లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వపు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, సెర్ప్, ఇదే పద్ధతిని మహిళా సంఘాల ద్వారా జిల్లాలకు తీసుకెళ్లింది. సెర్ప్‌ను నడిపిన విజయ్‌కుమార్ గారే తర్వాత రైతు సాధికార సంస్థలో ప్రకృతి వ్యవసాయాన్ని ఆంధ్రప్రదేశ్ అంతటా పరిచారు. దానికి సాంకేతిక తోడ్పాటు కోసం అజీం ప్రేమ్‌జీ దాతృత్వ సంస్థ డబ్బు అందింది. లక్షల మంది రైతులకు చేరిన ఆ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌ గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. కొద్దిమంది రైతుల చేలలో దాత డబ్బుతో పడిన విత్తు ప్రభుత్వ కార్యక్రమంగా మొలిచింది. దానం ప్రభుత్వాన్ని బాధ్యత నుంచి తప్పించలేదు, బాధ్యత ఎలా నెరవేర్చాలో చూపించి ఇరకాటంలో పెట్టింది. నమూనా కళ్లెదుట లేనప్పుడు ‘సాధ్యం కాదు’ అనడం ప్రభుత్వానికి తేలిక.

జహీరాబాద్ కథ ఇంకా పాతది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదీ అదే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి కంచంలోకి అన్నం తెచ్చిన పథకం అది, దాని మేలును కాదనను. కానీ జొన్న తినే ఇంట్లోకి బియ్యం వచ్చాక జొన్న చేను ఎందుకూ పనికిరాకుండా పోయింది. విత్తనం మాయమవడం మొదలైంది. సరిగ్గా అదే ఏడాది మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ చుట్టూ పల్లెల్లో దళిత మహిళల సంఘాలను కూడగట్టింది. బీడు పడిన చెలకల్ని దున్నించుకుని జొన్న, సజ్జ, కంది, కొర్ర, సామ, పెసర, నువ్వు కలిపి విత్తారు. వాన ముందొస్తే కొన్ని పండుతాయి, వెనకొస్తే కొన్ని పండుతాయి, అసలు రాకపోయినా మేతకూ కూటికీ ఏదో ఒకటి చేతికొస్తుంది. నల్లరేగడిలో యాసంగికి వానా కాలువా లేకుండా మంచుతోనే పండే సెనగ, అవిసె లాంటివాటిని వాళ్లు సత్యం పంటలంటారు.

విత్తనం దాచడం చూస్తే వాళ్ల పని ఎంత నికరమో తెలుస్తుంది. వెదురు గంపకు లోపలా బయటా మట్టీ పేడా కలిపి మెత్తుతారు. ఎండబెట్టిన గింజకు బూడిద పట్టించి గంపలో పోస్తారు, పొర పొరకూ వేపాకు వేస్తారు. మూతి మీద మళ్లీ మట్టి మెత్తేస్తారు. పక్కింటామెకు విత్తనం కావాలంటే డబ్బు అడగరు. శేరు తీసుకెళ్తే పంట వచ్చాక రెండు శేర్లు తెచ్చి పోయాలి. ఇరవై, ముప్పై ఏళ్లపాటు ఈ గంపల వెనక దేశ విదేశాల దాతలు నిలబడ్డారు. ఆ కాలమంతా వ్యవసాయ శాఖ దృష్టిలో ఇవి వెనకబడిన పంటలు. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు అందులో కిలో రూపాయికి ముతక ధాన్యాలు చేరాయి. చిరుధాన్యాలకు చోటివ్వాలని అంతకు ముందు ఏళ్ల తరబడి పోరిన గొంతుల్లో ఈ సంస్థ కూడగట్టిన మిల్లెట్ నెట్‌వర్క్‌ది పెద్ద గొంతు. 2023లో మన ప్రభుత్వం చొరవతోనే ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం జరిపింది. ఆ సంవత్సరం మార్చిలోనే సంస్థను నలభై ఏళ్లు నడిపిన పి.వి. సతీష్ కన్నుమూశారు. చిరుధాన్యాలే వాతావరణ మార్పుకు జవాబని ఇప్పుడు ఢిల్లీ నుంచి పల్లె దాకా చెబుతున్నారు. సంతోషం. అయితే ఆ నలభై ఏళ్లూ ఆ విత్తనాన్ని ఎవరు బతికించారో, ఎవరి డబ్బుతో బతికించారో కూడా చెప్పాలి. మార్కెట్ బతికించలేదు. దానికి అప్పట్లో గిరాకీ లేదు.

‘సోమరులవుతారు’ అన్న మాటకు వద్దాం. ఇది నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట, ఎందుకంటే అనేవాళ్లలో చాలామంది మెట్టచేను దున్నినవాళ్ల బిడ్డలే. 1995 నుంచి కొన్నేళ్లు నెదర్లాండ్స్ ప్రభుత్వ గ్రాంటుతో మన రాష్ట్రంలో ఏపీవెల్ అనే పథకం నడిచింది. అది ఒక దేశపు ప్రభుత్వం ఇచ్చిన డబ్బు, వ్యక్తుల దానం కాదు, కానీ తిరిగి చెల్లించనక్కర్లేని సొమ్మే గనక ఈ వాదనకు పనికొస్తుంది. చిన్నరైతులకు బోర్లు వేయించారు. నీళ్లొచ్చాయి, పంటలు మారాయి, ఆ వెంటే నీటిమట్టం దిగిపోవడం మొదలైంది. అప్పుడు అదే డబ్బు తోవ మార్చుకుంది. తర్వాతి పథకం అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆరొందలకు పైగా పల్లెల్లో ఎవరికీ మోటారు ఇవ్వలేదు, పైపు ఇవ్వలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. కొలవడం నేర్పింది.

ఊళ్లో వానమాపకం పెట్టారు. రోజూ ఒక రైతు, ఆడైనా మగైనా, పొద్దున్నే వెళ్లి చదివి రాయాలి. ఎంచుకున్న బోర్లలో పదిహేను రోజులకోసారి తాడు దించి మట్టం చూడాలి. మోటారు ఎంత పోస్తోందో తెలియాలంటే పైపు కింద డ్రమ్ము పెట్టి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుందో గడియారం పట్టుకుని లెక్కపెట్టాలి. అంకెలన్నీ ఊరి గోడ మీదికి ఎక్కాలి. వానాకాలం ముగిశాక ఊరంతా కూర్చుని ఇంత కురిసింది, ఇంత ఇంకింది, ఇంత తోడాం, యాసంగికి ఇంత మిగిలింది అని లెక్క తేల్చుకునేవారు. ఆ లెక్క విన్నాక వరి వేయాలనుకున్నవాడు వేరుశనగకో సెనగకో మళ్లాడు. ఎవరూ హుకుం జారీ చేయలేదు. భూగర్భజలాల మీద ప్రపంచ బ్యాంకు 2010లో ఇచ్చిన నివేదిక, రైతులు తమంతట తాము తోడకం తగ్గించుకున్న అరుదైన ఉదాహరణగా దీన్ని చూపించింది. దానం సోమరిని చేస్తుందనేవాళ్లు ఆ గోడల మీది అంకెలకు జవాబు చెప్పాలి.

ప్రభుత్వ డబ్బుకు ఇంకో చిక్కుంది. అది పట్టాదారు పాసుపుస్తకం అడుగుతుంది. 2018లో తెలంగాణలో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరాల లెక్కన డబ్బు పట్టాదారు ఖాతాలో పడింది. ఆ చేను దున్నుతున్న కౌలురైతుకు పైసా రాలేదు. ఆంధ్రలో 2011 నుంచి కౌలురైతుల గుర్తింపుకు చట్టాలు వచ్చాయి, కార్డు చేతికొచ్చినవాళ్లు కొద్దిమందే, కార్డు చూపించి బ్యాంకులో అప్పు తెచ్చుకున్నవాళ్లు మరీ కొద్దిమంది. భర్త పేర పట్టా ఉన్న చేనులో పనంతా చేసే ఆడమనిషిదీ ఇదే గతి. బెట్ట వచ్చినా వరద వచ్చినా మొదట మునిగేది వీళ్లే, జాబితాలో లేనిదీ వీళ్లే. సంఘం గంపలోంచి విత్తనం తీసుకోవడానికి పాసుపుస్తకం అక్కర్లేదు.

దానాలు సముద్రంలో కాకిరెట్ట అంటారు. దేశంలో కమతాల్లో నూటికి 86 చిన్న, సన్నకారువేనని 2015–16 వ్యవసాయ గణన చెబుతోంది. ఇంతమందికి చందాలు చాలవు, నిజమే. చాలాలని ఎవరూ అనడం లేదు. పెద్ద డబ్బు ఎటు పోతోందో కూడా అడగండి మరి. ప్రపంచంలో వాతావరణం పేరుతో కదులుతున్న నిధుల్లో చిన్న సేద్యగాళ్లకు చేరుతున్నది 1.7 శాతమేనని 2020లో ఐక్యరాజ్యసమితి వ్యవసాయ నిధి సంస్థ ఐఫాడ్ నివేదిక తేల్చింది. సౌర ఫలకాలకు, విద్యుత్ కార్లకు లాభం లెక్కగట్టడం తేలిక. చెలకలో పెరిగిన తేమకు లాభం ఎవరు లెక్కగడతారు? చిన్నరైతు వాకిట్లోకి ఆ పెద్ద డబ్బు రావడానికి మునుపు దారి వేయాల్సింది ఈ చిన్న డబ్బే. పునుకుల నుంచి రైతు సాధికార సంస్థ దాకా జరిగింది అదే.

దాతల పేరిట జరిగేదంతా నేను సమర్థించడం లేదు. ఫొటో కోసం పంచిన మొక్కలు, నీటిమట్టం చూడకుండా వేయించిన బోర్లు, తుపాను వెలిసిన మూడో రోజు దుప్పట్లతో వచ్చి నాలుగో రోజు కనపడకుండా పోయిన లారీలు మనందరం చూసినవే. అవి మరుసటి తుపానుకు రైతును ఇసుమంత కూడా సిద్ధం చేయవు. ఇలాంటి దానాలను చూపించి దానమే దండగ అనడం, కల్తీ విత్తనం చూపించి సేద్యమే దండగ అనడం లాంటిది.

మనవాళ్లు మరీ గట్టిగా పట్టుకున్న నమ్మకం ఇంకొకటుంది. పంపిన ప్రతి రూపాయీ నేరుగా రైతుకే వెళ్లాలి, సంస్థలో మనుషుల జీతాలకు పోయిందంతా వృథా అని. వినడానికి న్యాయంగా ఉంటుంది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించినప్పుడు ఈ నమ్మకమే చట్టమైంది. పాలనా ఖర్చులకు అంతకుముందు 50 శాతం దాకా వాడుకునే వీలుండేది, దాన్ని 20 శాతానికి కుదించారు. ఒక సంస్థకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. నగరంలోని పెద్ద సంస్థ ద్వారా నాలుగు డబ్బులు తెచ్చుకుని పది ఊళ్లలో పనిచేసే చిన్న సంస్థకు దాంతో దారి మూసుకుపోయింది. ఆ నష్టం చప్పుడు లేకుండా జరిగిపోయింది. ఆర్‌డీటీ అంత పెద్ద సంస్థకు 2025లో విదేశీ విరాళాల అనుమతి చిక్కులో పడితే అనంతపురం జనం పార్టీలు మరిచి వీధుల్లోకి వచ్చారు. చిన్న సంస్థ మూతబడితే ఎవరు వస్తారు?

ఇక్కడ జీతమంటే ఏమిటో చూడండి. ఆడవాళ్లు వంటలు ముగించుకుని, పశువులకు మేత వేసి తీరిక చేసుకునేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. సంఘం కూర్చునేది అప్పుడే. పాత స్కూటరు మీద ఆ వేళకు ఊరికి చేరి, పదింటి దాకా వాళ్ల మాటలు విని, నీటి లెక్క రాయించి, విత్తనం తిరిగివ్వనివాళ్ల తగువు తీర్చి, చీకట్లో ఇంకో పదిహేను కిలోమీటర్లు వెనక్కి వెళ్లే మనిషి ఒకరున్నారు. డ్రమ్మూ గడియారం పట్టుకుని కొలవడం నేర్పిందీ అలాంటి మనిషే. పునుకులలో నవ్విన ఊరిని ఓర్చుకుని మళ్లీ మళ్లీ వెళ్లిందీ అలాంటి మనిషే. రైతుకు పంచిపెట్టే వస్తువు ఈ పనిలో చాలా తక్కువ. అంతా మనుషులు మనుషుల దగ్గరికి వెళ్లడమే. ఆ జీతాన్ని ‘ఓవర్‌హెడ్’ పద్దులో రాసి కోసేస్తే మిగిలేది పంచడానికి వీలైన వస్తువు, అంటే మొక్కలూ దుప్పట్లూ. దానం రైతును చెడగొడుతుందని దుమ్మెత్తిపోసేవాళ్లే దానాన్ని పంపకంగా మార్చే నియమాన్ని మెచ్చుకోవడం నాకు అర్థం కాదు.

డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి సొంత ఊరికి ఏదైనా చేయాలని అడిగే మన పిల్లలు చాలామంది ఉన్నారు. ఇప్పటిదాకా వాళ్ల డబ్బు ఎక్కువగా గుళ్లకు, బడి బెంచీలకు, కళ్ల శిబిరాలకు వెళ్తోంది. అందులో తప్పు లేదు. కానీ నాన్న చేను కౌలుకు చేసుకుంటున్న మనిషి గురించి కూడా ఆలోచించమంటాను. ట్రాక్టరు కొనివ్వొద్దు, బోరు వేయించొద్దు. మీ మండలంలో పనిచేస్తున్న సంస్థను వెతికి, ఐదారు ఊళ్లు తిరిగే ఒక మనిషి జీతం, స్కూటరు పెట్రోలు, సంఘం విత్తనాల గంపల ఖర్చు ఐదేళ్లపాటు భరిస్తామని చెప్పండి. ఏటేటా ఎంత పంచారో అడగొద్దు. ఎన్ని రకాల విత్తనం తిరిగొచ్చింది, యాసంగి నీటి లెక్కకు ఎంతమంది కూర్చున్నారు, మందుల కొట్లో ఊరి బాకీ ఎంత తగ్గింది అని అడగండి. మెట్టప్రాంతం గనక ఆ ఐదేళ్లలో ఒకటి రెండేళ్లు కరువు తప్పదు, పంట చేతికి రాదు, మీకు వచ్చే నివేదికలో చూపించడానికి ఏమీ ఉండదు. ఆ ఏళ్లలో చందా ఆపొద్దు.